పాకం కారిన వంతెన

కైకలూరులో చేపల మేతా రొయ్యల మేతా అమ్మే కామరాజు గారికి నాగదుర్గ ఒక్కతే కూతురు. ఆ ఒక్క కూతుర్నీ చేసుకున్నందుకు ఫణీంద్ర పెళ్లయిన పదహారు రోజుల పండగ కాగానే మామగారి మేత కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. మామగారు చెడ్డవాడంటే కళ్లు పోతాయి. అల్లుణ్ణి ఏనాడూ 'గారు' లేకుండా పిలిచి ఎరగడు. వచ్చిన చిక్కల్లా ఆ గారుతోనే. అల్లుడు గారూ, ఆ బస్తాలు కాస్త చూసుకోండి అంటాడు. అల్లుడు గారూ, లారీ వెనక్కొస్తోంది, కాస్త దారి చెప్పండి అంటాడు. అంత మర్యాదగా చెబితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? పొద్దు గూకేసరికి మర్యాద మర్యాదగానే ఉండేది, ఫణీంద్ర నడుమే పడిపోయేది.

అదైనా ఓర్చుకునేవాడేమో. ఊళ్లో అతనికి పేరు లేకుండా పోయింది, దాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయాడు. టీ కొట్లో, బ్యాంకులో, మంగలి షాపులో, ఎక్కడికెళ్లినా అతను కామరాజు గారి అల్లుడే. ఆఖరికి ఎవరిదో గృహప్రవేశం శుభలేఖ మీద కూడా 'కామరాజు గారి అల్లుడు గారికి' అని రాసిచ్చారు. ఆ శుభలేఖ పట్టుకుని పెళ్లాం ముందు చతికిలబడి, నాకూ ఒక పేరుందే దుర్గా, బియ్యంలో రాసి మరీ పెట్టారు అని వాపోయాడు. నాగదుర్గకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. మనం వేరే ఊరు పోదామండీ అని ఆవిడే అంది.

అలా వచ్చి తాడేపల్లిగూడెం పొలిమేరలో పడ్డారు. అక్కడ రైలు వంతెన కిందుగా ఒక రోడ్డు పోతుంది. వంతెన దాటీ దాటగానే, గోడకి ఆనుకుని, సూర్యకాంతం గారని ఒక పెద్దావిడ ఖాళీ స్థలం ఉంది. అది అద్దెకి తీసుకుని, రేకుల షెడ్డు వేసి, మోటారు పెట్టి, కార్లు కడిగే కొట్టు తెరిచాడు. 'ఫణీంద్ర వాటర్ సర్వీసింగ్' అని బోర్డు రాయించాడు. అందులో 'ఫణీంద్ర' అన్న మాట రోడ్డుకి అవతల చెరువు గట్టు మీద నుంచున్నా కనబడుతుంది. 'వాటర్ సర్వీసింగ్' చదవాలంటే మాత్రం దగ్గరికి రావాలి.

కామరాజు గారు అడ్డు చెప్పలేదు. అలాగని ఊరుకోనూ లేదు.

"దసరా దాకా చూస్తానండి అల్లుడు గారూ," అన్నాడు. "అప్పటికి కొట్టు నిలబడిందా, సంతోషం. లేదా, దాని తాళంచెవి నా చేతిలో పెట్టి, అమ్మాయిని తీసుకుని కైకలూరు వచ్చేయాలి. ఇంక మళ్లీ వేరు కాపురం మాట ఎత్తకూడదు."

ఫణీంద్ర సరేనన్నాడు.

మొదట్లో అతను నక్కతోక తొక్కిన రోజులే నడిచాయి. ఎండాకాలం. ఆ వంతెనకి ఇనుప దూలాలు. దూలాలు గోడ మీద కూర్చునే చోట గ్రీజు పెడతారు. ఆ గ్రీజు రోహిణీకార్తె ఎండలకి కరిగి, దుమ్మూ ధూళీ కలుపుకుని, నల్లగా బంకగా సాగుతూ, కింద పోయే కార్ల మీద చుక్కలు చుక్కలుగా పడేది. గుడ్డ పెట్టి తుడిస్తే పోదు సరికదా ఇంత మేర పాకుతుంది. తెల్ల కారు వాడికైతే ప్రాణం పోయినంత పనయ్యేది. వంతెన అవతల తెల్లగా ఉన్న కారు ఇవతలికి పొడల పొడల ఆవులా తేలేది. ఎదురుగా చూస్తే, రాసిపెట్టినట్టు, ఫణీంద్ర బోర్డు. ఇంకేం కావాలి? కిరసనాయిలు గుడ్డతో పైపైన తీసి, సబ్బు నురగ పట్టించి, నీళ్లు కొట్టి అద్దంలా చేసి పంపేవాడు. సాయంత్రం షెడ్డు కట్టేసేటప్పుడు వంతెన వంక చూసి ఒక దండం పెట్టుకునేవాడు. ఆ దండం అంటువ్యాధిలా తరవాత ఊరంతటికీ పాకుతుందని అప్పుడతనికి తెలియదు.

వానలు మొదలవబోతుండగా రైల్వే మనుషులు వచ్చారు, పాత గ్రీజంతా గీకేశారు, పల్చగా కొత్త గ్రీజు రాసి, దూలాలకి కొత్త రంగు వేసి చక్కా పోయారు. వంతెన పెళ్లికూతురిలా అయింది. కార్లు దాని కింద నుంచి కడిగిన ముత్యాల్లా బయటికొచ్చి, ఫణీంద్ర బోర్డు చదివి, చదివినందుకు ఒక హారన్ కొట్టి వెళ్లిపోయేవి. పైగా వానాకాలం. దేవుడే ఊరకనే కార్లు కడుగుతుంటే మనిషికి డబ్బిచ్చేదెవడు? మధ్యాహ్నాలు ఫణీంద్ర తన మోటారు సైకిలే మళ్లీ మళ్లీ కడుక్కుంటూ కూర్చునేవాడు.

శ్రావణమాసం వచ్చింది. దసరా కళ్లముందు కనబడుతోంది. అన్నం ముందు కూర్చుంటే మేత వాసన వేస్తోందే అనేవాడు. ఒకనాడు పెళ్లాం పూర్ణాలకని బెల్లం పాకం పడుతుంటే పొయ్యి పక్కన నుంచుని, గరిటె మీంచి జారే తీగ కేసి అలా చూస్తూ ఉండిపోయాడు. తరవాత మెల్లిగా, దుర్గా, ఇది కారు మీద పడితే ఎలా ఉంటుందంటావ్ అన్నాడు.

నాగదుర్గ ముందు తిట్టింది. తినే వస్తువు రోడ్డు పాలు చేస్తే లక్ష్మీదేవి నిలుస్తుందా అంది. ఎవరైనా చూస్తే తన్నరూ అంది. అయితే ఇంత తిట్టినావిడ ఆ సాయంత్రానికల్లా, లేత పాకమైతే కారిపోతుందండీ, ముదురైతే డబ్బాలోనే గడ్డకడుతుంది, చుక్కచుక్కగా పడాలంటే తీగపాకమే కావాలి అని తేల్చింది. ఆవిడకీ కైకలూరు వెళ్లాలని లేదు మరి. అక్కడ ఆవిడ కామరాజు గారి అమ్మాయి, ఇక్కడ సొంత పొయ్యీ సొంత గిన్నెలూ ఉన్న ఇల్లాలు.

ఊరంతా భోంచేసి కునుకు తీసే వేళ చూసుకుని ఫణీంద్ర వంతెన పక్క గట్టెక్కాడు. పట్టాల జోలికి పోలేదు, అంత తెగువ లేదు. గోడ చివర నుంచుంటే దూలం కింది అంచు అరుగులా చేతికందుతుంది. నూనె డబ్బాకి అడుగున మేకుతో చిల్లి కొట్టి, చిల్లికి గుడ్డ వత్తి పెట్టి, పాకం పోసి, వెదురు గెడతో ఆ అంచు మీద లోపలికి తోశాడు. కింద నుంచి ఎంత తలెత్తి చూసినా దూలం తప్ప ఏమీ కనబడదు. చుక్క మాత్రం సరిగ్గా కారు పోయే దారిలో పడుతుంది. స్కూటర్లు పోయే వార మీద పడకుండా చూసుకున్నాడు, ఆ మాత్రం ధర్మం అతనికుంది.

అంతా బాగానే ఉంది. ఒక్కచోటే తేడా వచ్చింది. పాకం దించేటప్పుడు నాగదుర్గ చెయ్యి ఊరుకోలేదు. ఇంత యాలకుల పొడి వేసింది. చిటికెడు పచ్చకర్పూరం నలిపింది. వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో జాజికాయ ఒక్క గీటు గీసింది. ఆఖర్న చెంచాడు నెయ్యి వేసింది. ఫణీంద్ర నెత్తి కొట్టుకున్నాడు. కారు మీద పోసేదానికి నెయ్యెందుకే అన్నాడు.

"మీరు ఎక్కడైనా పోసుకోండి," అంది నాగదుర్గ. "యాలకులు వెయ్యకుండా పాకం పొయ్యి మీంచి దించడం నావల్ల కాదండీ."

మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. చుక్క పడ్డ కారు పది గజాలు పోయేసరికి దుమ్మంతా దానికే అంటుకునేది. ఎక్కడైనా కాసేపు ఆపితే చీమలు బారులు తీరి బానెట్ ఎక్కేవి. ఎక్కడివండీ ఈ చీమలు అని జనం తల గోక్కుంటూ వచ్చేవారు. వానాకాలం గండు చీమలకి జోరెక్కువండీ అని ఫణీంద్ర సబ్బు నురగ చిమ్మేవాడు. మొహం మాత్రం కిందికి దించుకునే మాట్లాడేవాడు, అబద్ధం చెప్పేటప్పుడు అతని చెవులు ఎర్రబడతాయి.

అప్పుడు పాండురంగారావు గారు వచ్చారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. చూసిందల్లా రుజువు చేస్తే తప్ప ఊరుకోరు. ఏలూరు కోర్టులో తమ్ముడితో పొలం గట్టు తగాదా ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది ఆయనకి. ఆ రోజు వాయిదాకి పోతుంటే కారు మీద చుక్క పడింది. దిగారు. వేలితో తీశారు. వాసన చూశారు. ఫణీంద్ర గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికే వేలు నోట్లో ఉంది. మాస్టారు కళ్లు మూసుకున్నారు. తెరిచి, బెల్లం, యాలకులు, నెయ్యి, పచ్చకర్పూరం అని ఒక్కొక్కటే చెప్పారు. మీరు కడగకండి, వచ్చాక చూద్దాం అని ఏలూరు వెళ్లిపోయారు.

ఆయన గ్రహబలమో ఫణీంద్ర గ్రహపాటో, ఆ రోజే ఆ తమ్ముడు కోర్టు వరండాలో ఎదురొచ్చి, ఎందుకన్నయ్యా మనకీ గోల, రాజీ పడదాం అన్నాడు. సాయంత్రం మాస్టారు తిరిగొచ్చి కారు వంతెన కింద ఆపి, చెప్పులు విప్పి, దూలానికి దండం పెట్టారు. పచ్చకర్పూరం వేసిన పాకం ఆకాశం నుంచి పడుతోందంటే అది ప్రసాదం కాక మరేమిటి అన్నారు. లెక్కల మాస్టారే అలా అన్నాక ఇంక మామూలు జనం సంగతి చెప్పాలా?

వారం తిరక్కుండా వంతెన గోడకి పసుపు పూశారు, కుంకం బొట్లు పెట్టారు. ఎవరో పాకాలమ్మ తల్లి అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. కొత్త కారు కొన్నవాడు పూలదండ వేసుకుని తిన్నగా ఇక్కడికే వచ్చేవాడు. బానెట్ మీద చుక్క పడేదాకా ఇంజను ఆపి కూర్చునేవాడు. వెనకవాళ్లు హారన్ కొట్టేవారు కాదు, అమ్మ సన్నిధి కదా. చుక్క పడగానే చెంపలేసుకుని, కొంచెం కళ్లకద్దుకుని, కొంచెం నాలిక మీద వేసుకుని, ఆ బంకతోనే ఇంటికి పోయేవాడు. కడిగేవాడు ఒక్కడు లేడు. ప్రసాదం పడ్డ బండిని సబ్బెట్టి తోముతారా ఎవరైనా?

ఫణీంద్ర షెడ్డు ముందు స్టూలు వేసుకుని, తన పాకం తన కళ్లముందే ఊరందరికీ ప్రసాదమైపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. రోజూ బెల్లం తను కొనాలి. చెమటోడ్చి పెళ్లాం కాచాలి. పేరు మాత్రం పాకాలమ్మది. కైకలూర్లో మామగారి పేరు కింద నలిగాడు, ఇక్కడికొచ్చి ఇంకొకరి పేరు కింద పడ్డాడు. తలుచుకుంటే ఏడుపొచ్చింది, నిజంగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఛీ, పోనీ అని పాకం పొయ్యడం మానేశాడు. చుక్క ఆగిపోయింది. రెండు రోజులు జనం ఓపిక పట్టారు. తరవాత పాండురంగారావు గారు పెద్దల్ని పోగేసి, అమ్మకి కోపం వచ్చింది, ఎండకీ వానకీ ఇలా రోడ్డు మీద నిలబెట్టాం, గుడి కట్టకపోతే ఇంకెక్కడ ఉంటుంది అన్నారు. ఆ మాట విని సూర్యకాంతం గారు కదిలిపోయారు. మెత్తటి మనిషి, ఎవరు ఏం చెప్పినా కన్నీళ్లు పెట్టుకుంటారు. అంతమందిలో, వంతెన పక్కనున్న నా స్థలం అమ్మకే ఇచ్చేస్తానండీ అనేశారు. మర్నాడు కొట్టు దగ్గరికొచ్చి ఫణీంద్ర చేతులు పట్టుకుని, బాబూ, దసరా నాడు శంకుస్థాపన, ఏమీ అనుకోకుండా మీరు వేరే చోటు చూసుకోండి నాయనా అన్నారు.

అమ్మ కోపం తగ్గిందని తెలిస్తేనన్నా గుడి మాట మానుకుంటారేమోనని, ఫణీంద్ర ఆ మధ్యాహ్నమే పరుగున గట్టెక్కి డబ్బా నిండా పాకం పోశాడు. సాయంత్రానికి చుక్కలు మొదలయ్యాయి. జనం చప్పట్లు కొట్టారు. స్థలం అమ్మకి నచ్చిందర్రా, చూశారా, ఒప్పుకుంది అన్నారు. ఆ రాత్రి మొగుడూ పెళ్లాం అన్నం కంచాల ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంక ఆపినా చిక్కే, పోసినా చిక్కే.

దసరా రానే వచ్చింది. షెడ్డు ముందు నాలుగు గుంజలు పాతి కొబ్బరాకులు కట్టారు. శంకుస్థాపనకి ఊరు ఊరంతా వచ్చింది. పండక్కి గారెలు వేద్దామని పప్పు రుబ్బి పక్కన పెట్టిన నాగదుర్గ, ఇంట్లో ఉండలేక, చీర చెంగు నడుంలో దోపుకుని కొట్టు దగ్గరికే వచ్చి నుంచుంది. సరిగ్గా అప్పుడు ఏలూరు వైపు నుంచి కామరాజు గారి తెల్ల కారు వచ్చింది. మాట ప్రకారం తాళంచెవి కోసం వచ్చాడాయన.

జనాన్ని చూసి కారు వంతెన కిందే ఆపి దిగాడు. ఇంతమందా, కొట్టు బాగానే నడుస్తోందే అనుకున్నాడు కాబోలు, మొహం కొంచెం వాడింది. ఈలోగా టప్‌మని బానెట్ మీద చుక్క పడింది. చుట్టూ ఉన్నవాళ్లు, అదృష్టవంతులండీ, దిగీ దిగగానే పడింది, కళ్లకద్దుకోండి అన్నారు. కామరాజు గారి సంగతి వాళ్లకేం తెలుసు? ఆయన ఎలాంటి మేతయినా బస్తా విప్పగానే ఒక గుళిక నోట్లో వేసుకుని, ఇందులో తవుడు కలిసిందనో, చేపపొడి పాతదనో చెప్పగల మనిషి. కైకలూరు చెరువుల వాళ్లు కంపెనీ కాగితాన్ని నమ్మరు, ఆయన నాలికని నమ్ముతారు.

కళ్లకద్దుకోమన్న చుక్కని ఆయన అలవాటు కొద్దీ నాలిక మీద పెట్టుకున్నాడు. మళ్లీ వేలు బానెట్ మీద ఆనించి మళ్లీ చప్పరించాడు. ఈసారి కళ్లనిండా నీళ్లొచ్చాయి. అమ్మ మహత్యం అన్నారెవరో. ఆయన ఎవరి మాటా వినిపించుకోకుండా జనంలోంచి దారి చేసుకుంటూ తిన్నగా కూతురి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇందులో జాజికాయ ఉందే అమ్మలూ," అన్నాడు. "మా అమ్మ పోయాక నీ చేతి పాకంలో తప్ప ఇంకెక్కడా ఈ రుచి లేదు. నువ్వు వెళ్లిపోయాక నేను పాకం వస్తువు ముట్టుకోలేదు. ఇదెలా వచ్చింది ఇక్కడికి?"

నాగదుర్గ తల వంచుకుంది. పాండురంగారావు గారు దగ్గరకొచ్చారు. పూజారి గారు చేతిలో కొబ్బరికాయ అలాగే పట్టుకుని చూస్తున్నారు. ఆవిడ ఏదో చెప్పబోయి నోరు తెరిచేసరికి ఫణీంద్ర గబగబా ముందుకొచ్చి అడ్డం నుంచున్నాడు. ఈసారి నిజమే చెప్పబోతున్నా చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అంత భయం అతనికి జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. అయినా ఆవిడ నోట చెప్పించడం కన్నా కైకలూరు పోవడమే నయమనిపించింది.

"ఆ పాకం పోసింది నేనండి," అన్నాడు, అందరికీ వినబడేలాగే. "కార్లకి అంటుకుంటే కడిగించుకుంటారని పోశాను. దూలం మీద డబ్బా ఉంది. మా ఆవిడ కాచింది, కానీ బుద్ధి నాది. పాకాలమ్మా లేదు, ఏమీ లేదు. మావయ్య గారూ, తాళంచెవి ఇదిగోండి."

తాళంచెవి తీసి మామగారి చేతిలో పెట్టేశాడు. వెదురు గెడ తెచ్చి, గట్టెక్కి, డబ్బా లాగి కిందికి దించి మాస్టారి కాళ్ల దగ్గర పెట్టాడు. పైన గూడ్సు బండి ఒకటి వచ్చింది, దాని పెట్టెలన్నీ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. తన్నులు తినడానికి ఎటు తిరిగి నుంచుంటే మంచిదా అని ఫణీంద్ర ఆలోచిస్తున్నాడు.

పాండురంగారావు గారు వంగి డబ్బాలోకి తొంగి చూశారు. చిల్లి చూశారు, వత్తి చూశారు. లెక్క తేలిపోయింది. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తరవాత తెల్లబోయింది. ఇన్నాళ్లూ నలుగురిలో తను చెప్పిన మాటలన్నీ గుర్తుకొచ్చాయేమో, కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆనక మెల్లిగా వేలు డబ్బా అంచుకి రాసి నోట్లో పెట్టుకున్నారు.

"తప్పు చేశావోయ్ ఫణీంద్రా, చాలా తప్పు చేశావు," అన్నారు. "ఇంట్లో ఇంకా ఉందా?"

ముందు నవ్వింది సూర్యకాంతం గారు. అయితే అమ్మ నా స్థలం అడగలేదన్నమాట అని అంతమందిలోనూ గుండెల మీద చెయ్యేసుకున్నారు. పాపం, ఆవేశంలో ఇచ్చేశారే గానీ అప్పటి నుంచీ ఆవిడకి కంటి మీద కునుకు లేదు. ఆవిడ నవ్వాక ఇంకొకరు నవ్వారు. నవ్వనివాళ్లు కొందరు కోపంగానే వెళ్లిపోయారు, వాళ్లనీ తప్పు పట్టడానికి లేదు. పూజారి గారు కొబ్బరికాయ ఊరికే పోవడమెందుకని దుర్గమ్మ పేరు చెప్పి అక్కడే కొట్టేశారు, పండగ పండగే కదా.

ఇంక వచ్చిన జనాన్ని ఉత్త చేతుల్తో పంపడం నాగదుర్గకి చేతకాలేదు. రుబ్బిన పిండీ, కాచి ఉంచిన పాకమూ, నూనె మూకుడూ, గ్యాసు పొయ్యీ షెడ్డులోకి తెప్పించింది. గారెలు వేసి, వేడి వేడిగా పాకంలో ముంచి, అరిటాకు ముక్కల్లో పెట్టి అందరికీ ఇచ్చింది. కామరాజు గారు తాళంచెవి వేళ్ల మధ్యనే పట్టుకుని, స్టూలు మీద కూర్చుని, ఒక గారె తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోదానికి తనే ఆకు చాపాడు. చుట్టూ జనం, అమ్మా నాకొకటి, అమ్మా ఇటొకటి అని ఆకులు చాపుతున్నారు. కొందరైతే తినేటప్పుడు ఊరికే నిలబెట్టడమెందుకని ఫణీంద్రకి కార్ల తాళాలిచ్చి, కాస్త ఆ చీమలవీ వదిలేలా కడిగెయ్యండి బాబూ అంటున్నారు. ఎన్నాళ్ల నాటి ప్రసాదమో అంతా ఒక్క పూటలో వదిలింది.

చేతులు తుడుచుకుంటూ ఫణీంద్ర మామగారి దగ్గరకొచ్చి, సామాను రేపు సర్దుకుంటామండి అన్నాడు.

కామరాజు గారు చేతిలో ఆకు పక్కన పెట్టాడు.

"కొట్టు నిలబడదని, మీరు వచ్చేస్తారని రోజూ అనుకునేవాణ్ణండి," అన్నాడు. "అమ్మాయి చేతి వంట లేక ఇల్లు ఇల్లులా లేదు. అల్లుడి మీద ప్రేమ కాదు, నా స్వార్థం అది." తరవాత గొంతు సవరించుకుని, ఎప్పటి కామరాజు గారిలాగే అన్నాడు, "ఆ పాకం వంతెన మీద పోసేబదులు గారెల మీద పోసుంటే, ఈ తాళంచెవి నన్ను అడగనిచ్చేవారా మీరు? ఉంచండి. నేనే వస్తూ పోతూ ఉంటాను, ఫణీంద్ర గారూ."

తాళంచెవి అల్లుడి అరచేతిలో పెట్టాడు. అది పాకం అంటుకుని చేతికి బంకలా పట్టేసింది. ఫణీంద్ర దాన్ని చూడలేదు, కడుక్కోలేదు. మామగారు తనని పేరుతో పిలిచాడని అర్థమై, ఏం చెయ్యాలో తెలియక, మళ్లీ ఒకసారి పిలుస్తాడేమోనని అక్కడే నుంచున్నాడు.

షెడ్డు పక్కన ఇప్పుడింకో చిన్న షెడ్డు ఉంది. కారు కడగడానికిచ్చి గారెలు తినేవాళ్లున్నారు, గారెల కోసమే కారు కడిగించుకునేవాళ్లూ ఉన్నారు. బోర్డు మీద 'ఫణీంద్ర' కింద 'నాగదుర్గ' అని ఇంకా పెద్ద అక్షరాలతో రాయించారు. వంతెన గోడ మీది పసుపుని మాత్రం ఎవరూ చెరపలేదు. పాండురంగారావు గారు అటు పోతూ పోతూ ఇప్పటికీ చెప్పులు విప్పుతారు, తన తగాదా తీరిన మాట నిజమే కదా అంటారు.

కామరాజు గారు అన్న మాట ప్రకారం వారం వారం వస్తున్నాడు. కడిగించుకోవాల్సిన పని ఉన్నా లేకపోయినా కారు వంతెన కిందే ఆపుతాడు. మొన్న రోహిణీకార్తెలో అలాగే ఆపి దిగాడు. ఎండకి కొత్త గ్రీజు కరుగుతున్నట్టుంది, బానెట్ మీద నల్లగా ఒక చుక్క పడింది. ఆయన అలవాటు కొద్దీ వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. కాసేపు చప్పరించాడు. మొహం ఒక రకంగా పెట్టి, అయినా కూతురి మనసు నొప్పించడం ఇష్టం లేక, షెడ్డు వైపు తిరిగి మెత్తగా చెప్పాడు.

"అమ్మలూ, ఇవాళ పాకం కాస్త మాడిందే."